రెండు టర్బైన్ల నడిమి దోవ

జెట్ ఇంజను బొమ్మ గీయమంటే పిల్లలు ముందు పంకా గీస్తారు, వెనక మంట గీస్తారు. కాస్త చదివినవాళ్లయితే కంప్రెసరు, దహన గది, టర్బైను అని పేర్లు రాస్తారు. ఒక టర్బైనుకూ దాని వెనక టర్బైనుకూ నడుమ ఖాళీ జాగా ఒకటుందని ఎవరికీ గుర్తురాదు. అక్కడ బ్లేడ్లు లేవు, తిరిగేదేమీ లేదు. లోపలి గోడ, బయటి గోడ, మధ్యలో వేడి గాలి. నా ఉద్యోగంలో మంచి కాలమంతా ఆ ఖాళీ జాగాకే పోయింది. పోయిందన్న బాధ లేదు. ఆ పనికి వాడిన సామానే ఇప్పుడు ఎక్కడా కనపడటం లేదు. అది వాడటం తెలిసినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మాది హోసూరు నుంచి తళి పోయే రోడ్డు మీద ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో కన్నడం. మేము పుట్టినప్పుడు అది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూశాం. మొరసునాడు అని పెద్దవాళ్లు పిలుచుకునే ఈ తావులో అప్పట్లో ఇంగ రాగి, కొర్ర, అనుములే. సిప్కాట్ పారిశ్రామిక వాడ రాలేదు, టీవీఎస్ రాలేదు, అశోక్ లేలండ్ రాలేదు. నీళ్లు తోడేదానికి కపిల ఉండేది. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచి తోలు బాన పైకి లాగుతుంటే, తొండంలో నుంచి నీళ్లు తొట్టిలో పడి కాలవ పట్టేవి. కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి. కపిల తొక్కిన బాట కూడా దున్నేశారు.

టర్బైన్ల నడిమి ఆ ఖాళీ జాగాను మేము డక్టు అంటాం. దాని సంగతి చెప్పేదానికి ఆ కాలవే నాకు సులువు. కాలవ మెల్లగా వెడల్పయితే నీళ్లు గట్టునంటుకునే పోతాయి. మలుపు తిరుగుతూ ఉన్నట్టుండి వెడల్పయితే ఒక గట్టు పక్కన నీళ్లు నిలబడిపోతాయి. అక్కడ గడ్డిపోచ వేస్తే అది మడి తట్టు పోదు, గట్టు వెంబడి వెనక్కి వస్తుంది. పారే నీళ్లు ఆ నిలిచిన నీళ్లను తప్పించుకుని, మిగిలిన ఇరుకు జాగాలోంచి పోతాయి. కాలవ వెడల్పు చేసి లాభమేమిటి మరి? ఇంజనులో గాలి కూడా సరిగ్గా ఇంతే చేస్తుంది.

ఎందుకు వెడల్పు చేయాలి, ఎందుకు మలుపు తిప్పాలి అంటారేమో. మంట వెనకే ఉండే అధిక పీడన టర్బైను కంప్రెసరును తిప్పుతుంది. దాని వేగం ఎక్కువ, వ్యాసం చిన్నది. దాని వెనకది అల్ప పీడన టర్బైను, అది ముందున్న ఫ్యానును తిప్పుతుంది. ఫ్యాను ఎంత పెద్దదైతే అంత నిదానంగా తిరగాలి, లేకుంటే బ్లేడు కొసల వేగం మితిమీరుతుంది. ఇరుసు నిదానంగా తిరుగుతూ టర్బైను బ్లేడ్లకు తగిన వేగం రావాలంటే వాటిని ఇరుసుకు దూరంగా పెట్టాలి. అంటే చిన్న వలయంలోంచి వచ్చిన గాలి పెద్ద వలయంలోకి ఎక్కాలి. ఆ ఎక్కించే దోవే మా డక్టు. నిలువునా కోసి చూస్తే రెండు గోడలూ ఎస్ ఆకారంలో వంపు తిరిగి ఉంటాయి. దోవ పొడుగైతే గాలికి సుఖం, కానీ ఇంజను బరువు పెరుగుతుంది. పొట్టిదైతే బరువు తగ్గుతుంది, కానీ గాలి గోడను వదిలేస్తుంది. ఎంత పొట్టి చేయొచ్చు అన్నదే మా తగాదా అంతా.

మొదటి వంపులో గాలి బయటి తట్టు తిరుగుతుంది. అప్పుడు బయటి గోడ దగ్గర పీడనం పడిపోతుంది, లోపలి గోడ దగ్గర పెరుగుతుంది. రెండో వంపులో గాలి మళ్లీ ఇరుసు దిశకు తిరుగుతుంది, లెక్క తారుమారవుతుంది. కాబట్టి బయటి గోడనంటి పోయే గాలి తక్కువ పీడనంలోంచి ఎక్కువ పీడనంలోకి ఎదురెక్కాలి. దోవ వెడల్పవుతున్న కొద్దీ పీడనం ఎటూ పెరుగుతుంది కాబట్టి ఆ ఎక్కుడు ఇంకా కష్టం. గోడనంటిన పలచని పొరలో గాలికి ముందే జోరు తక్కువ. ఎదురెక్కలేక నిలబడుతుంది, తరవాత వెనక్కి తిరుగుతుంది. అందుకే ఇలాంటి డక్టులో జబ్బు ముందుగా కనిపించేది ఎక్కువగా బయటి గోడ మీదే. పైగా వచ్చే గాలి శుభ్రమైన గాలి కాదు. ముందు టర్బైను బ్లేడ్ల వెనక జాడలు అందులో ఉంటాయి. బ్లేడు కొసకూ కేసింగుకూ మధ్య సందులోంచి కారిన గాలి సుడులుగా అదే బయటి గోడనంటి వస్తుంది. ఇవన్నీ చాలనట్టు బేరింగుల భారం మోసే స్ట్రట్లు, వాటి కడుపులో నూనె గొట్టాలు, డక్టుకు అడ్డంగా ఉంటాయి. ఖాళీ జాగా అని పేరే గానీ ఇంజను మొత్తంలో ఇంత రద్దీ ఉన్న తావు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నేను పనిచేసింది బెంగుళూరులో ఒక ప్రయోగశాలలో. పొద్దున మీటరు గేజి రైలో, కలాసిపాళ్యం పోయే బస్సో పట్టుకుని పోవడం, రాత్రి రావడం. ఆ మీటరు గేజీ ఇప్పుడు లేదు. జెట్ ఇంజనులో ఆ నడిమి జాగాలో వేడి వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అందులో కన్ను పెట్టి చూసేదేమీ ఉండదు. అందుకని చల్లగాలితో, కొయ్య డక్టుతో పరీక్షలు చేసేవాళ్లం. ఒక పక్క బ్లోయరు, దాని తరవాత గాలిని నిదానింపజేసే పెద్ద గది, జల్లెడ తెరలు, గాలికి తిరుగుడు ఇచ్చే వంచిన రేకులు, ఆపైన డక్టు. వేడి లేదు, ధ్వనివేగం దరిదాపు వేగమూ లేదు. ఆ రెండూ లేకుండా వచ్చిన ఫలితం ఇంజనుకు ఎంతవరకు వర్తిస్తుందని పెద్దవాళ్లు వాదించుకునేవాళ్లు. ఆ వాదం న్యాయమైనదే. గాలి గోడను ఎక్కడ వదులుతుందో చూసి నేర్చుకునేదానికి మాత్రం కొయ్య డక్టే చాలు.

ఆ కొయ్య డక్టు చేసింది మా హోసూరు పక్క ఆచారి. ఇళ్లకు వాకిళ్లు చేసే కుటుంబం, ఫౌండ్రీలకు ప్యాటర్న్లు చేస్తూ ఈ పనిలోకి వచ్చాడు. టేకు పలకలను జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, పెద్ద కొయ్య లేతు మీద వలయంగా తిప్పేవాడు. డ్రాయింగు ఆయనకు అక్కర్లేదు. మేము జింకు రేకు కోసి ఇచ్చిన టెంప్లేటు చాలు. చిత్రిక పట్టడం అయ్యాక ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పూసి, మళ్లీ రుద్దేవాడు. చివర్లో గోటి వీపుతో వంపు వెంబడి మెల్లగా నిమిరేవాడు. ఒక తావులో ఆగేవాడు.

“ఇక్కడ గూను ఉంది సామీ.”

“టెంప్లేటు సరిగానే కూర్చుంటుంది కదా ఆచారన్నా?”

“టెంప్లేటుకు కన్ను ఉంది, గోరు లేదు.”

మళ్లీ రుద్దేవాడు. ఆ గూను మా కొలతల్లో దొరికేది కాదు. మొదటి వంపు దాటిన తావులో ఉంటే మాత్రం గాలికి దొరికేది.

గోడలో వరసగా సన్నటి రంధ్రాలు వేసేవాళ్లం. అర మిల్లీమీటరు దరిదాపు. రంధ్రం గోడకు నిటారుగా ఉండాలి, అంచున కొంచెం బర్ మిగిలినా పీడనం అబద్ధం చెబుతుంది. ఒక్కో రంధ్రానికి వెనక సన్నటి గొట్టం, ఆ గొట్టం పోయి కలిసేది మానోమీటరు బల్లకు. ఈ కాలం పిల్లలు దాన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నా. మనిషి ఎత్తు చెక్క బల్ల, దాని మీద వరసగా గాజు గొట్టాలు, వెనక గ్రాఫు కాగితం, కింద అన్నింటినీ కలిపే తొట్టి. గొట్టాల్లో రంగు కలిపిన నీళ్లు. బల్లను కావలసినంత వాల్చుకోవచ్చు, వాల్చితే చిన్న తేడా కూడా పెద్దగా కనపడుతుంది. బ్లోయరు ఆగి ఉన్నప్పుడు నీళ్లన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. ఎక్కడైనా గాలి బుడగ చిక్కుకుంటే వేలితో గాజు మీద తట్టి పంపించాలి.

బ్లోయరు ఎక్కువగా రాత్రిళ్లే నడిపేవాళ్లం, పగలు కరెంటు చాలేది కాదు. చెవుల్లో దూది పెట్టుకుని మీట వేసేవాళ్లం. గాలి పుంజుకునే కొద్దీ గొట్టాల్లో నీళ్లు ఒకటొకటిగా కదిలేవి. బయటి గోడ గొట్టాలు చూస్తే మొదటి వంపు దగ్గర నీళ్లు పైకి ఎక్కేవి, అక్కడ పీడనం తక్కువ కాబట్టి. ఆ తరవాత గొట్టం గొట్టానికీ మట్టం దిగుతూ వచ్చేది, పీడనం కోలుకుంటున్నదని అర్థం. గాలి గోడను పట్టుకుని ఉన్నంతవరకు ఆ దిగుడు సాగుతుంది. ఎక్కడైతే గాలి గోడను వదిలిందో అక్కడినుంచి గొట్టాలన్నీ ఒకే మట్టంలో నిలబడిపోతాయి. దిగవు, ఎక్కవు. మా జట్టు పెద్దాయన పుస్తకం తెరవకుండా, స్కేలు పెట్టకుండా, బల్ల ముందు నిలబడి ఆ మట్టం మొదలైన గొట్టం నంబరు చెప్పేవాడు. మేమిద్దరమే ఉంటే రీడింగులు తెలుగులో చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. వేరేవాళ్లుంటే ఇంగ్లీషు.

నమ్మకం కుదరకపోతే కిరసనాయిలులో తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడి కలిపి, రెండు చుక్కలు ఓలియిక్ ఆమ్లం వేసి, నల్ల రంగు వేసిన గోడ మీద పూసేవాళ్లం. గాలి నడిపి ఆపితే తెల్ల చారలు గాలి పోయిన జాడ చూపించేవి. గాలి గోడను వదిలిన తావులో తెలుపంతా ఒక గీతగా పేరుకునేది, దాని అవతల చారలు తలకిందులుగా ఉండేవి. స్ట్రట్ల మొదట్లో గోడ దగ్గర సుడి తిరిగిన గుర్తులు రెండు కొమ్ములుగా పడేవి. ఆ చిత్రాలు ఫోటో తీయక ముందే ఎవరో చేయి పెట్టి చెరిపేసిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరినీ ఏమీ అనలేం, అంత ముద్దుగా ఉండేవి.

అప్పట్లో బెంగుళూరులో గాలి చదువు చదివినవాళ్లందరి నోటా ఒకే పేరు, రొద్దం నరసింహ. ఇంటిపేరు అనంతపురం సీమలోని రొద్దం ఊరిది, మాకు పెద్ద దూరం కాదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సతీశ్ ధావన్ దగ్గర విద్యార్థిగా ఉన్నప్పుడే, సాఫీగా పోయే పొర అల్లకల్లోలమయ్యే దశలో ఎంత భాగం సాఫీ, ఎంత భాగం అల్లకల్లోలం అన్నదానికి ఒక సూత్రం కనిపెట్టాడు. అది 1957లో అచ్చయింది. మరుసటేడు ధావన్‌తో కలిసి రాసిన వ్యాసం వచ్చింది. టర్బైను బ్లేడు మీద వేడి, ఒరిపిడి లెక్క కట్టేవాళ్లు దేశదేశాల్లో ఈనాటికీ ఆ సూత్రం వాడుతున్నారు. 1973లో ఆయనా, కె.ఆర్. శ్రీనివాసన్ కలిసి దీనికి తిరగేసిన సంగతి రాశారు. గాలిని గట్టిగా వేగం పెంచితే అల్లకల్లోలంగా ఉన్న పొర మళ్లీ సాఫీ అవుతుందని. బ్లేడ్ల సందుల్లో గాలి వేగం పుంజుకుంటుంది కాబట్టి అక్కడ అది చెప్పిన మాట వింటుంది. మా డక్టులో గాలి మందగించాలి, అందుకే అది మొరాయిస్తుంది. ఆయన 1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి (నాల్) డైరెక్టరుగా ఉన్నాడు. ఆయనకు ముందు దాదాపు ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నది ఎస్.ఆర్. వల్లూరి, ఆయన తెలుగువాడు. నరసింహ 2020 డిసెంబరులో పోయాడు.

ఇంజన్ల సంగతికి వస్తే, మా చిన్నతనంలో హోసూరు ఆకాశంలో ఉరుముతూ పోయిన మారుత్ విమానానికి మా డక్టుతో పనిలేదు. 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరిన ఆ విమానంలో ఉన్నది ఆర్ఫియస్ ఇంజను, రెండేసి. ఒక్కోదానికి ఒకే ఇరుసు, ఒకే టర్బైను. నడిమి దోవ అన్న ప్రశ్నే రాదు. 147 మారుత్‌లు కట్టి, 1990లో సేవ నుంచి తీసేశారు. ఆ చప్పుడు మళ్లీ వినలేదు. తరవాత జాగ్వార్ విమానం కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్)లో తయారైన అడోర్ ఇంజనుకు రెండు ఇరుసులు. ఒడిశాలోని సునాబేడలో మిగ్ ఇంజన్లు చేసిన మన తెలుగువాళ్లకూ రెండు ఇరుసుల ఇంజన్లు బాగా తెలుసు. ఆపైన తేజస్ యుద్ధ విమానం కోసం మొదలైన కావేరి ఇంజను. 1989లో మంజూరై, 1996లో మొదటిసారి పూర్తిగా నడిచి, 2010 నవంబరులో రష్యాలో ఐఎల్-76 విమానం రెక్క కింద ఆకాశానికి ఎక్కింది. ఒక అధిక పీడన టర్బైను, ఒక అల్ప పీడన టర్బైను. తేజస్‌కు అది అందలేదు. ఫైటరు ఇంజన్లలో ఫ్యాను చిన్నది కాబట్టి గాలి ఎక్కాల్సిన ఎత్తూ తక్కువే. ఇప్పటి ప్రయాణికుల పెద్ద విమానాల ఇంజన్లలోనే ఈ డక్టు నిజంగా ఇంజినీర్ల ప్రాణం తీస్తుంది. యూరప్‌లో ఐదా అనే పేరుతో చానా సంస్థలు కలిసి పొట్టి డక్టుల మీదే పనిచేశాయి. ఆస్ట్రియాలో గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రెండు ఇరుసుల టర్బైనే కట్టి పరీక్షలు చేశారు.

మా ఊరి తట్టుకు విమానం వచ్చింది 1990ల్లో. బెలగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ వాళ్లు రన్‌వే వేశారు, ఇటలీ పార్టెనావియా వాళ్ల పి-68 చిన్న విమానాలు కట్టారు. మేకలు మేసిన బీడులో రెండు ఇంజన్ల విమానం నిలబడితే చూడటానికి పల్లెల వాళ్లు కంచె దగ్గర గుంపు కట్టేవాళ్లు. అవి పిస్టన్ ఇంజన్లు, నా చదువుకు అక్కడ చోటు లేదు. అయినా మా మేనమామ అందరికీ నేనే ఆ విమానం కట్టినట్టు చెప్పుకునేవాడు, నేనూ ఖండించలేదు. తరవాత అక్కడే నాల్ వాళ్ల హంస విమానాలు ఫ్లయింగ్ క్లబ్బుల కోసం తయారయ్యాయి. పి-68లు కట్టడం ఆగిపోయింది. రన్‌వే ఉంది.

నాల్ వాళ్ల సారస్ విమానం వచ్చినప్పుడు మా జట్టుకు కొంచెం ముచ్చటేసింది. 2004 మే 29న బెంగుళూరులో ఎగిరిన ఆ విమానంలో ఉన్నవి కెనడా పీటీ6 ఇంజన్లు. అందులో కంప్రెసరును తిప్పే టర్బైను వేరు, ప్రొపెల్లరును తిప్పే టర్బైను వేరు, రెండింటి నడుమ దోవ. ఆ దోవలోనే వేడి కొలిచే థర్మోకపుల్స్ పెడతారు. పైలటు ముందు ఐటీటీ అని ఉండే గడియారం చూపించేది సరిగ్గా ఆ నడిమి వేడినే. ఇంజను వెలిగించేటప్పుడు పైలటు కన్ను దాని మీదే ఉంటుంది, ముల్లు ఎర్ర గీత దాటితే అక్కడికక్కడే ఆపేయాలి. మేము కొయ్యలో, నీళ్ల మట్టంలో చూసిన జాగాను ఇంకెవరో ఒక ముల్లులో చూస్తున్నారు. 2009 మార్చి 6న రెండో నమూనా బిడది దగ్గర కూలిపోయి అందులోని ముగ్గురూ చనిపోయారు. ఆపిన ఇంజనును గాలిలో మళ్లీ వెలిగించే పరీక్షలో జరిగిందది. ఆ పూట మా పాత జట్టు వాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు గానీ ఎవరికీ మాట రాలేదు.

ఇప్పుడు డక్టు లోపల గాలిని కంప్యూటరు తెర మీద రంగుల్లో చూస్తున్నారు. పీడనం కొలిచేది చేతిలో పట్టేంత ఎలక్ట్రానిక్ డబ్బా, క్షణంలో వందల రంధ్రాల లెక్క రాసి పెడుతుంది. పాతదే మేలని నేననను. మేము ఒక రాత్రంతా కూర్చుని తీసిన రీడింగులు అది టీ తాగేలోపు తీస్తుంది, మేము ఊహించుకున్న సుడులను గీసి చూపిస్తుంది. కానీ గాలి గోడను ఏ తావులో వదులుతుందన్న ఒక్క ప్రశ్నకు, లెక్కలో ఏ టర్బులెన్స్ మోడలు పెట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు నిజమైన గోడకు రంధ్రాలు వేసి చూడాల్సిందే. మా హోసూరులో ఇప్పుడు ఆ గోడలు చేయగల యంత్రాలు ఉన్నాయి. వాచీలు చేసిన టైటాన్ వాళ్ల పక్కనుంచి విమాన భాగాలు చేసే కంపెనీ పుట్టింది. సిప్కాట్‌లో అయిదు దిక్కులా కోసే మిల్లింగ్ యంత్రాలు ఉన్నాయి. ఆచారి కొడుకు ఒక టూల్ రూములో వాటిలో ఒకదాన్ని నడిపి, పోయినేడు రిటైరయ్యాడు. తండ్రి టెంప్లేట్లు ఏమయ్యాయని అడిగితే, ఇల్లు మార్చినప్పుడు పాత ఇనుము వాడికి తూకానికి వేశామన్నాడు.

మా బల్ల కూడా అలాగే పోయిందని విన్నాను. గాజు పగిలింది, చెక్క కాంట్రాక్టరు తీసుకుపోయాడు. పెద్దాయన రాత్రిళ్లు చెప్పిన అంకెలున్న రీడింగు పుస్తకాలు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ పనుల గురించి ఇంగ్లీషులో రిపోర్టులున్నాయి. అందులో ఫలితాలుంటాయి, ఆచారి గోరు ఉండదు.

హోసూరు, కృష్ణగిరి, బెంగుళూరు తట్టున ఇలాంటి పనులు చేసిన తెలుగువాళ్లు ఇంకా చానామంది ఉన్నారు. మీ అటక మీద టెంప్లేటో, ప్రోబో, నూనె చారల ఫోటోనో, బెలగొండపల్లి విమానం ముందు నిలబడి తీయించుకున్న బొమ్మో ఉంటే తూకానికి వేయొద్దు. ఎవరు చేశారో, ఏ యేట చేశారో వెనక రెండు ముక్కలు తెలుగులో రాసి, ఊళ్లోని బడికో గ్రంథాలయానికో ఇవ్వండి.